సున్నపు గీతలు

కోటమ్మ కుడిచెయ్యి ఎడమచేతికన్నా రవ్వంత లావు. ఈ సంగతి కట్టుకున్న చెన్నకేశవులుకు తెలియదు, కన్నతల్లికీ తెలియదు. హజ్రా బీకి తెలుసు. పాతికేళ్ళుగా రాళ్ళపాలెంలోని ఆడవాళ్ళందరికీ గాజులు తొడిగింది ఆమే. గడపలో కూర్చుని, చేతివేళ్ళు దగ్గరికి ముడిచి, బొటనవేలి మొదట్లో ఎముకను మెత్తగా నొక్కుతూ ఏదో ఒక కబురు చెప్పి మనిషిని నవ్వించేది. ఆ నవ్వు ఆగేలోపు గాజు మణికట్టు దాటేసేది.

కోటమ్మ పద్నాలుగేళ్ళకు ఆ ఊరు కాపరానికి వచ్చింది. అత్తవారింట్లో భయం భయంగా తిరుగుతున్న రోజుల్లో ఆమెను మొదట నవ్వించిన మనిషి హజ్రా బీ. అప్పటినుంచీ ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవాళ్ళు. కోటమ్మ మొగుడు ఆ ఊరి మునసబు. హజ్రా బీ మొగుడు ఇమాం సాహెబు ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. అంతస్తులు వేరైనా ఆ వరస మాత్రం ఎవరికీ ఎబ్బెట్టుగా తోచలేదు.

హజ్రా బీకి అక్షరం ముక్క రాదు. శ్రావణ మాసం నోములకు ఊరంతా కొత్త గాజులు వేసుకుంటుంది కాబట్టి, ఆషాఢం చివర్లో ఆమె ఇల్లిల్లూ తిరిగి చేతులు చూసుకునేది. చూసిన చెయ్యి మరచిపోకుండా, తాంబూలపు సంచిలోని సున్నం వేలికి రాసుకుని, ద్వారబంధం లోపలివైపు మోకాలెత్తున గీత గీసేది. పెద్ద చేతికి పొడుగు గీత. సన్నని చేతికి పొట్టి గీత. చిన్నపిల్ల అయితే చుక్క. కడుపుతో ఉన్న పిల్ల అయితే గీత పక్కన చిన్న సున్న, ఎందుకంటే నెలలు నిండేకొద్దీ చేతులు నీరు పడతాయి. సరుకుకు బయల్దేరే ముందు వీధంతా మళ్ళీ ఒకసారి తిరిగి, గీతల్ని బట్టి పురికొసకు ముడులు వేసుకుని, రెంటచింతలలో రైలెక్కి నరసరావుపేట వెళ్ళేది. మలారం నిండా గాజులతో తిరిగొచ్చి, తొడిగిన ఇంట్లో తడిగుడ్డతో గీత తుడిచేసేది.

మగవాళ్ళకు ఇదేమీ తెలియదు. గాజులమ్మి వచ్చే వేళకు వాళ్ళు పొలాల్లో ఉంటారు. ఇంట్లో ఉన్నా, ఆడవాళ్ళ చేతుల లావు వాళ్ళకెందుకు?

నలభై ఎనిమిదో సంవత్సరం ఆషాఢంలో కృష్ణ అవతలినుంచి జనం వచ్చిపడ్డారు. ఇటువైపు స్వరాజ్యం వచ్చి ఏడాది కావస్తోంది, అటువైపు ఇంకా నిజాం రాజ్యమే. రజాకార్లు ఊళ్ళమీద పడుతున్నారని, ఇళ్ళు తగలబెడుతున్నారని, పిల్లాపాపలతో పడవలెక్కి వచ్చేశారు. రాళ్ళపాలెం వాళ్ళకు గంజి పోసింది, పశువుల పాకలు ఖాళీ చేసి ఇచ్చింది. అందులో ఆ ఊరిని మెచ్చుకోవలసిందే.

వచ్చినవాళ్ళు చెప్పినవి అబద్ధాలు కావు. కాలిన చేతులు ఎదురుగా కనపడుతుంటే ఎవరు కాదనగలరు? కాకపోతే ఆ భయం ఏటి ఒడ్డున ఆగిపోలేదు. నడిచి నడిచి ఊళ్ళోకొచ్చి, ఆరిళ్ళ సాయిబుల వీధి ముందు నిలబడింది.

ఆ ఆరిళ్ళవాళ్ళు రజాకారును చూసిన పాపాన పోలేదు. హైదరాబాదు ఏ దిక్కున ఉందో కూడా ఇమాం సాహెబుకు సరిగా తెలియదు. అయినా మొన్నటిదాకా 'మామా, ఈ బిందెకి కళాయి పెట్టు' అని పిలిచినవాళ్ళు ఇప్పుడు బిందెలు ఇంట్లోనే అట్టేపెట్టుకున్నారు. పిల్లలు ఆ వీధిలోకి వెళ్ళకూడదన్నారు. ఊరి కుర్రవాళ్ళు ముప్పైమంది కర్రలు పట్టుకుని కాపలా దళం పెట్టారు. దానికి పెద్ద అమరేశ్వరరావు. గుంటూరులో పరీక్ష తప్పి వచ్చి ఏడాదిగా ఖాళీగా ఉన్నవాడు. కోటమ్మ ఇంటికి మూడో ఇల్లు వాళ్ళది, ఆమెను అత్తా అంటాడు. వాడికి చేతినిండా పని దొరికింది.

ఏరు దాటి వచ్చినవాళ్ళలో ధనమ్మ అనే ఆమె అమరేశ్వరరావు వాళ్ళ పాకలో తల దాచుకుంది. ఒకరోజు పొద్దున మజ్జిగ కోసం వాళ్ళ ఇంట్లోకి వచ్చి గడపలో కూర్చుంది. కూర్చున్న మనిషికి మోకాలెత్తు గీతలు కంటికెదురుగా కనపడ్డాయి. ఆమె చేతిలో చెంబు జారిపోయింది.

"మా దిక్కు గూడ, ఆళ్ళు వచ్చేముందు, తలుపులకు గిట్లనే గుర్తులు పెట్టిన్రని అన్నరు" అంది.

ధనమ్మ తన కళ్ళతో చూడలేదు, ఎవరో అంటే విన్నది. ఆ మాట దాచకుండానే చెప్పింది కూడా. కానీ 'అన్నరు' అన్న ముక్క పక్కింటికి చేరేలోపే రాలిపోయింది. గంట తిరిగేసరికి దళం ఇల్లిల్లూ వెతికింది. నలభై ఇళ్ళకు పైగా గీతలున్నాయి. హజ్రా బీ పెట్టగా చూశామన్నారు పిల్లలు. మరి హజ్రా బీ ఏది? నిన్ననే రైలెక్కి ఎక్కడికో వెళ్ళిందట. ఇంకేం కావాలి?

నలభై ఇళ్ళలోని ఆడవాళ్ళకూ ఆ గీతలేమిటో తెలుసు. ఆ మొదటి గంటలో ఒక్కరు పకపకా నవ్వి, 'అవి మా చేతుల కొలతలురా వెర్రినాయనా' అని ఉంటే అక్కడితో ముగిసిపోయేది. కానీ కర్రలు పట్టుకుని ఇంట్లోకొచ్చిన మగవాళ్ళు ఇవేమిటని అడగలేదు. చూశారా ఎంత పని చేసిందో అన్నారు. అడగనిదానికి జవాబు చెప్పే అలవాటు ఆ ఊరి ఆడవాళ్ళకు లేదు. పక్కింటావిడ చెబుతుందిలే అని ప్రతి ఒక్కరూ ఊరుకున్నారు.

ఆ సాయంత్రం చెన్నకేశవులు ఇంటికొచ్చి, కండువా తీయకుండానే ద్వారబంధం ముందు గొంతుకూర్చున్నాడు. ఒక పొడుగు గీత, దాని పక్కన పొట్టి గీత, పొట్టి గీత పక్కన సున్న. పొడుగుది కోటమ్మది. పొట్టిది ఆషాఢానికి పుట్టింటికొచ్చిన కూతురు అంజమ్మది. అంజమ్మకు అయిదో నెల.

"ఊరు మొత్తంలో మూడిళ్ళకే ఉంది ఈ సున్న. మూడిళ్ళలోనూ కడుపుతో ఉన్న పిల్లలున్నారు. చూశావా, ఎంత గుండెలు తీసినోళ్ళో" అన్నాడు. ఆయన గొంతు వణికింది. కోటమ్మ ఆయన గొంతు వణకడం అంతకుముందు ఎన్నడూ వినలేదు.

"అది కాదండీ..." అని మొదలుపెట్టింది.

"ఏంది కాదు? ఇట్టా గీతలు పెడతందని తెలిసి నోరు మూసుకున్నోళ్ళు ఎవరన్నా ఉంటే ఆళ్ళు కూడా దాని జట్టే. రేపు చావిట్లో అదే అడుగుతా" అన్నాడాయన.

 కోటమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళి కూర్చుంది.

అన్నం ఉడికేదాకా ఆమె మనసు పరిపరివిధాల పోయింది. మొదట హజ్రా మీద జాలి వేసింది. తర్వాత, జాలి ఎక్కడుందో అక్కడే, సన్నగా ఇంకొకటి మొలిచింది. గీతలు గాజులకే, నిజమే. గాజులకు తోడు ఇంకెవరికైనా చెబుతోందేమో మనకేం తెలుసు? మనతో తెలుగే మాట్లాడుతుంది, ఇమాం సాహెబుతో మాత్రం వాళ్ళ భాషలో మాట్లాడుతుంది. అప్పుడేం చెప్పుకుంటారో? పాతికేళ్ళలో మనింట్లో మంచినీళ్ళు తాగింది గానీ, వాళ్ళింట్లో మనం ఏనాడైనా కూర్చున్నామా? తాను కూర్చోకపోవడానికి కారణం తన మడేనని, హజ్రా రమ్మని పిలవని పండగ లేదని కోటమ్మకు గుర్తు రాలేదు. భయపడ్డ మనిషికి కావలసినవే గుర్తొస్తాయి. సాయంత్రాలు పడమటివైపు తిరిగి ఆమె వంగి లేవడం ఇన్నాళ్ళూ కోటమ్మకు ముచ్చటగానే ఉండేది. ఆ సాయంత్రం తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

తనకే సిగ్గేసింది. సిగ్గేసినా ఆ తలపు పోలేదు.

మర్నాడు పొద్దున మొదటి రైలు దిగి, భుజాన మలారంతో నడిచొస్తున్న హజ్రా బీని ఊరి పొలిమేరలోనే పట్టుకున్నారు. చావిడి దగ్గరికి తీసుకొచ్చారు. చావిడి మునసబు ఇంటికి ఎదురుగానే ఉంటుంది. మగవాళ్ళంతా అరుగుల మీద, ఆడవాళ్ళంతా ఎవరి గుమ్మాల్లో వాళ్ళు. ఆరిళ్ళవాళ్ళను తెచ్చి ఎండలో నిలబెట్టారు.

సంగతేమిటో తెలిశాక హజ్రా బీకి ముందు నవ్వొచ్చింది. "ఇదా! నా ప్రాణాలు పైనే పొయినయి, ఎవరికేమయిందో అని. అయ్యి చేతుల కొలతలు, అన్నా. గాజులకి. మీ ఇళ్ళలో ఆడోళ్ళని అడగండి" అంది చెన్నకేశవులుతో. నడుముకు చుట్టుకున్న పురికొస తీసి ముడులు చూపించింది.

పురికొసలో ముడులు చూసేసరికి జనం మరింత బెదిరారు. ఇళ్ళు లెక్కపెట్టుకుని మరీ వెళ్ళిందన్నారు.

"యాడికి పొయ్యావు? ఎవరికిచ్చావు లెక్క?" అని అమరేశ్వరరావు కర్ర నేలకేసి కొట్టాడు.

హజ్రా బీ నవ్వు మాయమైంది. చుట్టూ చూసి, ఎదురింటి గుమ్మంలో ఉన్న కోటమ్మను చూసింది. ఆమె మొహం తేటపడింది.

"వదినా, నువ్వు చెప్పు" అంది.

ఊరంతా కోటమ్మ వైపు తిరిగింది. చెన్నకేశవులు అరుగు మీదినుంచే గొంతెత్తి, "ఏమే, నీకు తెలుసా ఈ గీతల సంగతి?" అని అడిగాడు. లోపల అంజమ్మ అమ్మ చెంగు పట్టుకుని నిలబడింది.

తెలుసు అంటే సరిపోయేది. ఒక్క మాట. కానీ తెలుసు అంటే, తెలిసి ఎందుకు చెప్పలేదన్నది వెంటనే వచ్చి పడుతుంది. మొగుడి పరువు చావిట్లో పోతుంది. పైగా నిన్నటి తలపు ఇంకా పోలేదు.

"నాకేం తెలుసండీ. గోడల మీద గీతలు చూసుకుంటా కూచుంటామా?" అంది కోటమ్మ.

 హజ్రా బీ కోటమ్మ మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆమె కళ్ళలో కోపం కనపడితే కోటమ్మకు కాస్త తేలిగ్గా ఉండేదేమో.

తర్వాత వరసగా అందరినీ అడిగారు. మునసబు పెళ్ళామే తెలియదన్నాక తెలుసననేది ఎవరు? అమరేశ్వరరావు తల్లి శేషమ్మ కూడా తల వంచుకుని తెలవదంది. నలభై గడపల్లోనూ అదే మాట. ఎవరో కుర్రవాడు మలారం లాగి చావిడి మెట్ల మీద విసిరాడు. పచ్చగాజులు, ఎర్రగాజులు, పసిపిల్లల నల్లగాజులు, అన్నీ పొడి అయ్యాయి.

మధ్యాహ్నానికల్లా తీర్పు తేలింది. తీర్పు అని ఎవరూ అనలేదు. 'మీ మంచికే చెబుతున్నాం, కుర్రాళ్ళు ఆవేశం మీదున్నారు, గొడవలు సద్దుమణిగేదాకా ఎక్కడైనా తలదాచుకోండి' అన్నారు పెద్దలు. ఊరే రెండు బళ్ళు కట్టించి ఇచ్చింది. ఎంత మర్యాద! తాతల నాటినుంచి ఉన్న ఇళ్ళకు తాళాలు వేసి, ముసలివాళ్ళనూ పసివాళ్ళనూ బళ్ళెక్కించి, ఇమాం సాహెబు కొలిమి తిత్తి భుజాన వేసుకుని నడిచాడు. ఒక్క దెబ్బ కూడా వెయ్యలేదని ఊరు చాలాకాలం గొప్పగా చెప్పుకుంది.

శ్రావణం వెళ్ళింది. భాద్రపదంలో సైన్యం హైదరాబాదులో దిగింది, అయిదు రోజుల్లో నిజాం చేతులెత్తేశాడు. ధనమ్మ వాళ్ళు ఏరు దాటి వెళ్ళిపోయారు. కాపలా దళం కర్రలు చూరుల్లో దోపుకుని పొలాలకు పోయింది. ఊరు హాయిగా ఊపిరి పీల్చుకుంది. అసలు అంత భయం ఎందుకు పడ్డామో కూడా మరచిపోయింది.

అంజమ్మకు ఏడో నెల వచ్చింది. సీమంతానికి గాజులు తొడగాలి. అప్పుడు చెన్నకేశవులు, "హజ్రా బీ వాళ్ళు నరసరావుపేటలో ఉన్నారంట. పొయ్యి తీసుకొద్దాం పా. ఇప్పుడేం గొడవలున్నాయి గనక?" అన్నాడు, తప్పిపోయిన ఎద్దు జాడ తెలిసినట్టు. కోటమ్మ రెండు నెలలుగా నిద్రకు మొహం వాచి ఉంది. సరేనని వెంటనే బయల్దేరింది.

స్టేషను వెనక సందులో ఒక పెంకుటింటి సగభాగంలో ఉన్నారు వాళ్ళు. వీళ్ళను చూడగానే వాకిట్లో ఆడుకుంటున్న మనవరాలు అబిదా లోపలికి పరిగెత్తి తలుపు వేసేసుకుంది. గడియ వేసిన చప్పుడు వినపడింది. కాసేపటికి హజ్రా బీ బయటికొచ్చి, బల్ల తుడిచి కూర్చోమంది. "బాగున్నారా అమ్మగారూ?" అని అడిగింది.

అమ్మగారూ అన్న పిలుపు కోటమ్మ చెంపమీద కొట్టినట్టే తగిలింది. చెన్నకేశవులు తన ధోరణిలో చెప్పుకుపోయాడు. ఇళ్ళు బాగు చేయిస్తామన్నాడు, కప్పులకు రెల్లు తానే ఇస్తానన్నాడు. అన్నీ విని, ఇమాం సాహెబును అడగాలి బాబూ అంది హజ్రా బీ. చెన్నకేశవులు చుట్ట కాల్చుకోడానికి సందు మొదటికి వెళ్ళాడు.

అప్పుడు కోటమ్మ బల్ల దిగి కింద కూర్చుంది. "నాకు తెలుసు వదినా. తెలిసే తెలవదన్నా. భయమేసింది" అంది. ఏడుపు ఆగలేదు.

 ఏడుపు తగ్గాక హజ్రా బీ మెల్లగా అంది. "కర్ర పట్టుకున్న కుర్రోళ్ళ మీద నాకు కోపం లేదమ్మగారూ. ఆళ్ళకి తెలవదు. తెలవనోడికి రేపు ఎవరన్నా చెబితే తెలుసుద్ది. ఆళ్ళ మధ్యకి మళ్ళీ వచ్చి బతకొచ్చు. మీరు తెలిసినోళ్ళు. ఇంకెప్పుడన్నా ఇట్టాంటి గాలి లేస్తే, అప్పుడు ఎవరి గుమ్మం వైపు చూడాల నేను?"

 సీమంతానికైనా రమ్మని అడగడానికి కోటమ్మకు నోరు రాలేదు. ఇమాం సాహెబు ఒప్పుకోడని హజ్రా బీ మర్యాదగా చెప్పగా విని, ఉత్త చేతులతో రైలెక్కారు.

రెంటచింతలలో దిగి బండెక్కారు. చావిడి ముందుకు రాగానే కోటమ్మ బండి ఆపమంది. అరుగు మీద పదిమంది మగవాళ్ళున్నారు. గుమ్మాల్లో బియ్యం ఏరుకుంటూ ఆడవాళ్ళున్నారు. పాతికేళ్ళ కాపరంలో కోటమ్మ చావిడి ముందు బండి దిగి నిలబడడం అదే మొదలు.

"అందరూ వినండి. ఆ గీతలు మా చేతుల కొలతలు. హజ్రా బీ పాతికేళ్ళుగా పెడతంది. నాకు ఆ రోజే తెలుసు. తెలిసి అబద్ధం చెప్పా" అంది గట్టిగా. చెన్నకేశవులు బండిలోనే కొయ్యబారిపోయాడు.

ఎవరూ ఉలిక్కిపడలేదు. అది కోటమ్మకు అర్థం కాలేదు. ఒకాయన పక్కకు తిరిగి తుమ్మాడు, ఒకాయన కండువా సర్దుకున్నాడు. గుమ్మాల్లో ఆడవాళ్ళు చేటల్లోకి తలలు వంచారు.

అమరేశ్వరరావు అరుగు దిగి దగ్గరికొచ్చాడు. వాడి మొహంలో ఆనాటి జోరు లేదు, చిన్నపిల్లవాడిలా ఉన్నాడు.

"మా అమ్మ ముందురోజు రాత్రే చెప్పింది అత్తా, గాజుల గీతలేనని" అన్నాడు లోగొంతుకతో. "నాకు నమ్మకం కుదరలా. కుదిరినా, ముప్పైమందిని ఎగదోసినోణ్ణి, నా నోటితో నేనే కాదని ఎట్టా అనాల? నువ్వు చెబుతావు గదా, అప్పుడు కర్ర పారేసి ఇంటికి పోదామనుకున్నా. హజ్రా బీ నిన్ను పిలిచినప్పుడు నా ప్రాణం లేచొచ్చింది. నువ్వేమో తెలవదన్నావు."

అని, కోటమ్మ ఏమైనా అంటుందేమోనని అక్కడే నిలబడ్డాడు.